జబ్బు చేసి పరీక్ష రాయలేకపోతే అది ఫెయిలా?

సెమిస్టర్ పరీక్ష రోజున విద్యార్థి హాల్లో లేకపోతే మార్కుల మెమోలో ఆ సబ్జెక్టు పక్కన ‘ఏబీ’ (ఆబ్సెంట్, అంటే గైర్హాజరు) అని పడుతుంది. ఆ రోజు అతను ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడా, తండ్రి అంత్యక్రియల్లో ఉన్నాడా, ఏమీ చదవలేదని హాస్టల్ గదిలో పడుకున్నాడా అన్నది మెమోలో ఉండదు. మూడు సందర్భాల్లోనూ గ్రేడ్ పాయింటు సున్నా. మూడు సందర్భాల్లోనూ మళ్లీ ఫీజు కట్టి సప్లిమెంటరీ రాయాలి. రికార్డులో అది ఒక బ్యాక్‌లాగ్, అంటే పాసవ్వకుండా మిగిలిపోయిన సబ్జెక్టు.

మన యూనివర్సిటీల పరీక్షల నిబంధనలు చిన్నవేమీ కావు. హాల్లో చిట్టీ దొరికితే ఏ శిక్ష, సెల్‌ఫోన్ దొరికితే ఏ శిక్ష, పాస్ మార్కులు వేయమని జవాబు పత్రంలో ఎగ్జామినర్‌ని బతిమాలితే ఏ శిక్ష అన్నది వరుసగా రాసి ఉంటుంది. పరీక్ష రోజు పొద్దున విద్యార్థికి 103 డిగ్రీల జ్వరం ఉంటే ఏం చేయాలని అడిగితే మాత్రం కాలేజీ ఆఫీసులో వినపడే జవాబు ఒకటే: ‘సప్లీ ఉందిగా.’

ఆ మాటలో సగం నిజం ఉంది. సప్లిమెంటరీ ఇంకో అవకాశం ఇస్తుంది, చాలామందికి ఏడాది పోకుండా కాపాడుతుంది. కానీ అది ఫెయిలైనవాళ్ల కోసం పెట్టిన పరీక్ష. జబ్బు పడ్డ విద్యార్థిని దాంట్లోకి పంపడమంటే, అసలు రాయని పరీక్షలో తప్పాడని రాసుకోవడమే. మారాల్సింది ఇక్కడే. మార్కులు కలపక్కర్లేదు, పేపరు తేలిక చేయక్కర్లేదు. సరైన కారణంతో తప్పిపోయిన పరీక్షను లెక్కలోంచి తీసేసి, తర్వాత రాసినదాన్నే మొదటి ప్రయత్నంగా తీసుకుంటే చాలు. ఇంత చిన్న మార్పు లేకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

కండొనేషన్ హాలు గుమ్మం దాకే

‘వైద్య కారణాలు’ అన్న మాట మన నిబంధనల్లో లేకపోలేదు. అయితే అది ఉన్నది హాజరు దగ్గర. హైదరాబాద్ జేఎన్‌టీయూ బీటెక్ నిబంధనలనే తీసుకుంటే, సెమిస్టర్‌లో మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య ధ్రువపత్రం లాంటి ఆధారం చూపించి, ఫీజు కట్టి, కాలేజీ కమిటీ ఒప్పుకుంటే మాఫీ దొరుకుతుంది. దీన్నే అందరూ కండొనేషన్ అంటారు. 65 కంటే తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మాఫీ లేదు. డిటెయిన్ అయినట్టే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. మిగతా యూనివర్సిటీల్లో అంకెలు కాస్త అటూఇటూ ఉండొచ్చు గానీ పద్ధతి దాదాపు ఇదే.

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. మెడికల్ సర్టిఫికెట్ కాలేజీలో ఇచ్చాం కాబట్టి పరీక్ష సంగతి కూడా వాళ్లే చూసుకుంటారని అనుకుంటారు. కండొనేషన్ పనిచేసేది పరీక్షకు కూర్చోనివ్వడం వరకే. లోపల కూర్చోలేనివాళ్ల గురించి అందులో ఏమీ లేదు.

హాజరు విషయంలో కూడా ఆ 65 శాతం గీత ఎంత కఠినమైనదో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. సెమిస్టర్‌లో 90 పనిదినాలు అనుకుందాం. బైక్ మీంచి పడి కాలు విరిగిన విద్యార్థిని ఆరు వారాలు మంచం దిగొద్దని డాక్టర్ చెప్పారనుకుందాం. వారానికి ఆరు రోజుల చొప్పున 36 రోజులు పోతాయి. మిగతా 54 రోజుల్లో ఒక్క క్లాసు కూడా మానకపోయినా అతని హాజరు 60 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ ఉన్నా ఆ సెమిస్టర్ పోయినట్టే. మళ్లీ ఏడాది తర్వాత జూనియర్లతో కూర్చోవాలి. ఈలోగా రెగ్యులేషన్ మారితే కొత్త సిలబస్‌తో సరిపెట్టుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతం హాజరు ముడిపెట్టి ఉండటంతో, పేదింటి విద్యార్థికి కాలుతో పాటు ఫీజు కూడా విరిగినట్టవుతుంది.

మెమోలో పడ్డ గుర్తు ఎంతదూరం వెంటాడుతుంది?

పరీక్ష దగ్గరికి వద్దాం. ఒక సబ్జెక్టు ఆరు నెలలు ఆలస్యంగా పాసైతే కొంపలేం మునిగిపోతాయి అనిపించవచ్చు. కాస్త ముందుకు వెళ్లి చూడాలి.

హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 (2018 నాటి) నిబంధనల్లో ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్ రావాలంటే సీజీపీఏ 8 ఉంటే సరిపోదు. అన్ని సబ్జెక్టులూ నాలుగేళ్లలోపు మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. అంటే ఎనిమిది సెమిస్టర్లూ బాగా చదివి, ఒక్కరోజు డెంగీతో పడకేసిన విద్యార్థి ఎంత సీజీపీఏ తెచ్చుకున్నా ఫస్ట్ క్లాస్‌తోనే బయటికి వస్తాడు. తప్పిపోయిన సబ్జెక్టును తర్వాత రాసి పదికి పది తెచ్చుకున్నా ఆ గీత చెరగదు.

ఆ తర్వాత ప్లేస్‌మెంట్లు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ‘నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్’ అని షరతు పెట్టడం మామూలే. ఆరో సెమిస్టర్ పరీక్ష తప్పినవాడు ఏడో సెమిస్టర్‌లో డ్రైవ్‌లు మొదలయ్యేసరికి ఇంకా సప్లీ ఫలితం కోసం చూస్తూ ఉంటాడు. ఆన్‌లైన్ ఫారంలో ‘బ్యాక్‌లాగ్స్ ఎన్ని’ అన్న గడిలో 1 అని కొట్టాలి. కారణం రాసుకోవడానికి గడి ఉండదు.

విదేశాలకు వెళ్లేవాళ్లకి ఇంకో కాగితం కావాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో చాలా యూనివర్సిటీలు మన విద్యార్థుల దరఖాస్తుల్లో బ్యాక్‌లాగ్‌ల సంఖ్య అడుగుతాయి. దానికోసం ఇక్కడ యూనివర్సిటీ నుంచి బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందులో ఫెయిలైనవీ, ఆసుపత్రిలో ఉండి తప్పినవీ కలిసిపోయి ఒకే అంకె కనిపిస్తుంది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఆ దరఖాస్తు చూసే బ్రిటిష్ యూనివర్సిటీ తన సొంత విద్యార్థి ఇలా జబ్బు చేసి పరీక్ష తప్పితే దాన్ని ఫెయిల్‌గా లెక్కించదు. కానీ ఇక్కడి కాగితంలో కారణం లేదు కాబట్టి మనవాడి విషయంలో ఆ తేడా వాళ్లకి తెలిసే అవకాశమే లేదు.

బ్రిటన్‌లో ఎలా చేస్తున్నారు?

బ్రిటన్‌లో ఈ పద్ధతికి ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో పేరు ఉంది. మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అనో, ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అనో అంటారు. అక్కడ చదివే మన పిల్లలు ‘ఈసీ వేశాను’, ‘ఎంసీ ఫారం పెట్టాను’ అనడం వింటాం. విద్యార్థి ఫారం నింపి, ఆధారం జతచేసి గడువులోగా ఇవ్వాలి. జరిగినది తన చేతుల్లో లేనిదై ఉండాలి, చదువు మీద నిజంగా దెబ్బకొట్టేంతది అయి ఉండాలి, ఆ పరీక్ష సమయానికే జరిగి ఉండాలి. ఆసుపత్రిలో చేరడం, దగ్గరివాళ్లు చనిపోవడం, దాడికి గురికావడం, తీవ్రమైన మానసిక సమస్య లాంటివి ఒప్పుకుంటారు. అలారం మోగలేదు, ఒకే వారంలో రెండు పరీక్షలు పడ్డాయి, పార్ట్‌టైమ్ షిఫ్టులు ఎక్కువయ్యాయి అంటే సాధారణంగా ఒప్పుకోరు. చివరిది మన విద్యార్థులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఒప్పుకున్నాక కూడా మార్కులు కలపరు. ఆరోగ్యం బాగుంటే ఇతనికి ఎన్ని వచ్చేవో ఊహించి వేయడం సరికాదన్నది అక్కడి ఎగ్జామినర్ల బోర్డులు మామూలుగా పాటించే సూత్రం. అసైన్‌మెంటు అయితే గడువు పెంచుతారు. పరీక్ష అయితే తర్వాతి విడతలో మొదటిసారి రాసినట్టుగానే రాయనిస్తారు. ఈ ‘మొదటిసారి’ అన్న మాటకే అక్కడ విలువంతా. ఎందుకంటే ఫెయిలై మళ్లీ రాసేవాళ్లకి ఎన్ని మార్కులు వచ్చినా పాస్ మార్కు దగ్గర ఆపేయడం చాలా చోట్ల ఆనవాయితీ. మాస్టర్స్‌లో అది సాధారణంగా 50.

దీని బరువు ఎంతో చూద్దాం. మాస్టర్స్ కోర్సు 180 క్రెడిట్లు. ఒక విద్యార్థి 20 క్రెడిట్ల మాడ్యూల్‌లో (అంటే ఒక సబ్జెక్టులో) 68 తెచ్చుకోగలడు. మొత్తం సగటు 71. డిస్టింక్షన్‌కి సాధారణంగా 70 కావాలి. ఆ ఒక్క మాడ్యూల్‌ను జ్వరంతో తప్పి, ఫారం వేయకుండా ఊరుకుని, తర్వాత రీసిట్ (ఫెయిలైనవాళ్లు మళ్లీ రాసే పరీక్ష) రాస్తే 68 వచ్చినా 50గానే లెక్క. సగటులో రెండు మార్కులు పోయి 69కి పడుతుంది, డిస్టింక్షన్ పోతుంది. ఫారం వేసి ఉంటే 71 అలాగే ఉండేది. రాసింది అదే పేపరు, తెలిసింది అదే సబ్జెక్టు. తేడా ఒక్క ఫారంలోనే.

మన ఇళ్లలో పెరిగినవాళ్లని ఈ పద్ధతి ఒకచోట బాగా దెబ్బతీస్తుంది. ఒంట్లో బాగోలేకపోయినా ‘ఎలాగోలా రాసేసి రా’ అని పంపడం మనకి అలవాటు. జ్వరంతో వెళ్లి రాసిన పిల్లల్ని మెచ్చుకుంటాం కూడా. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలకి ‘ఫిట్ టు సిట్’ అనే నియమం ఉంది. పరీక్షకు వచ్చి కూర్చున్నారంటే ఆరోగ్యంగా ఉన్నామని మీరే ఒప్పుకున్నట్టు. తర్వాత ఫలితం చూసి ‘ఆ రోజు నాకు బాగోలేదు’ అంటే చాలావరకు వినరు. అందుకే నిజంగా బాగోలేని రోజున మానేసి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి, తేదీతో కాగితం తీసుకోవడమే అక్కడ సరైన పని. రెండు వారాల తర్వాత వెళ్లి రాయించుకున్న ఉత్తరంలో ‘తనకు అప్పుడు బాగోలేదని పేషెంట్ చెప్పారు’ అని ఉంటే దానికి పెద్దగా విలువ ఉండదు.

ఇంకో చిక్కు వీసా. పరీక్షలు వాయిదా వేసుకుని లేదా చదువు కొంతకాలం ఆపుకుని ఇండియా వచ్చేయాలనుకుంటే, ఆ విరామం 60 రోజులు దాటితే యూనివర్సిటీ మామూలుగా వీసా స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఇంట్లో చావు కబురు విని టికెట్ కొనుక్కుని విమానం ఎక్కేసే పరిస్థితిలో ఇది ఎవరికీ గుర్తుకు రాదు. అయినా ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలోనైనా సరే, ఇంటర్నేషనల్ ఆఫీసుకూ డిపార్ట్‌మెంటుకూ ఒక మెయిల్ పెట్టాలి. పెద్దకర్మ అయ్యాక కూర్చుని రాద్దామంటే ఈసీ గడువు దాటిపోయి ఉంటుంది. చాలా చోట్ల ఆ గడువు రోజుల్లోనే ఉంటుంది. ఇక్కడి కాగితాలు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా అడుగుతారు.

అమెరికాలో దారి వేరు. ప్రొఫెసర్ ఒప్పుకుంటే ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడ్ పెట్టి, మిగిలిన పరీక్ష తర్వాత రాయిస్తారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాలో ఉన్నవాళ్లు జబ్బు వల్ల కోర్సులు తగ్గించుకోవాలంటే మానేసే ముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి తీసుకోవాలి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఇలా ఇవ్వవచ్చు. డాక్టర్ ఉత్తరమే కాకుండా లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఉత్తరం కూడా దానికి చెల్లుతుంది. మనసుకి వచ్చిన జబ్బును ఒంటికి వచ్చిన జబ్బుతో సమానంగా వీసా నిబంధనలోనే రాసిపెట్టడం గమనించదగ్గది.

బ్రిటన్ పద్ధతిలో లోపాలు లేవని కాదు. గట్టిగా అడగగలిగినవాళ్లకే అది ఎక్కువ అందుతుంది. బిడియపడేవాళ్లు, ఇంట్లో విషయం బయటపెట్టడం పరువు తక్కువ అనుకునేవాళ్లు ఫారం జోలికే వెళ్లరు. కానీ అక్కడ ‘కాదు’ అన్న జవాబుతో కథ ముగియదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో యూనివర్సిటీ తుది నిర్ణయం అన్యాయమనిపిస్తే, 12 నెలల్లోగా ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్ అనే స్వతంత్ర సంస్థకి ఫిర్యాదు చేయవచ్చు. విద్యార్థికి ఖర్చు ఉండదు. ఇక్కడ అదే పనికి లాయర్‌ని పెట్టుకుని హైకోర్టులో రిట్ వేయాలి. ఒక సప్లీ కోసం ఎవరు వేస్తారు?

అక్కడి చట్టం ఎంత గట్టిదో బ్రిస్టల్ యూనివర్సిటీ కేసు చెబుతుంది. నలుగురి ముందు మాట్లాడాలంటే తీవ్రమైన భయం ఉన్న ఒక ఫిజిక్స్ విద్యార్థిని, మౌఖిక పరీక్షలు ఉన్న కోర్సులో చదువుతూ 2018లో ఆత్మహత్య చేసుకుంది. ఆమె ఇబ్బంది డిపార్ట్‌మెంటులో కొందరికి తెలుసు. పరీక్ష పద్ధతిని మార్చకపోవడం 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం వివక్షేనని 2022లో కౌంటీ కోర్టు తీర్పు ఇచ్చింది. యూనివర్సిటీ అప్పీలును 2024లో హైకోర్టు కొట్టేసింది. విద్యార్థి సరైన ఫారం నింపలేదు కాబట్టి మా బాధ్యత లేదు అని తప్పించుకోవడం ఇక అక్కడ అంత సులువు కాదు.

మన చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

దీర్ఘకాలపు వైకల్యం విషయంలో మన దేశంలో కాగితం మీద పరిస్థితి మెరుగే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే జవాబు రాసిపెట్టే మనిషి) లాంటి మార్పులు చేయాలని అందులోనే ఉంది. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇవ్వాలి. మొదట్లో ఇది 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే అన్నారు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ గోడను కదిలించింది. చేతి కండరాలు పట్టేసి రాయలేని సివిల్స్ అభ్యర్థికి 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా స్క్రైబ్ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పును అనుసరించి 2022లో 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవాళ్లకీ మార్గదర్శకాలు వచ్చాయి.

పరీక్ష తప్పిపోయే విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ చట్టం పరిధిలోకి రారు. డెంగీ వైకల్యం కాదు. అపెండిసైటిస్ ఆపరేషన్ వైకల్యం కాదు. తల్లి చనిపోవడానికి ఏ మెడికల్ బోర్డూ శాతం వేయదు. చాలా ఐఐటీల్లో, బిట్స్ లాంటి సంస్థల్లో ఇలాంటివాళ్ల కోసం మేకప్ పరీక్ష ఉంటుంది. అక్కడ పాఠం చెప్పిన ప్రొఫెసరే పేపరు తయారుచేస్తారు కాబట్టి ఒకరిద్దరికి ఇంకోసారి పెట్టడం కష్టం కాదు. వందల అఫిలియేటెడ్ కాలేజీలకి ఒకే రోజు ఒకే పేపరు పంపే యూనివర్సిటీ ప్రతి జ్వరానికీ కొత్త పేపరు తయారుచేయలేదు. ఇది నిజమైన ఇబ్బందే. దానికి జవాబు కూడా యూనివర్సిటీ దగ్గరే ఉంది: సప్లిమెంటరీ పేపరు ఎలాగూ తయారవుతోంది, ఎలాగూ పరీక్ష జరుగుతోంది. జబ్బు చేసిన విద్యార్థి అదే పరీక్ష రాస్తాడు. ఫలితాల సాఫ్ట్‌వేర్‌లో ‘ఏబీ’తో పాటు ‘అనుమతించిన గైర్హాజరు’ అనే ఇంకో గుర్తు చేరిస్తే, దానికి బ్యాక్‌లాగ్ లెక్క నుంచీ మొదటి ప్రయత్నం షరతు నుంచీ మినహాయింపు ఇస్తే పని అయిపోతుంది.

ఇలా చేయొచ్చని యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ ఒకసారి స్వయంగా చెప్పింది. కరోనా సమయంలో, 2020 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో చివరి ఏడాది పరీక్షలు తప్పనిసరి అంటూనే, ఏ కారణం వల్లనైనా రాయలేకపోయిన విద్యార్థికి నష్టం జరగకుండా ప్రత్యేక పరీక్ష పెట్టొచ్చని రాసింది. సర్టిఫికెట్ అడగలేదు, ‘ఏ కారణమైనా’ అంది. అయితే ఇది 2019-20కి మాత్రమే, ఒక్కసారికి మాత్రమే అని కూడా అక్కడే రాసింది. కరోనా వెళ్లిపోయింది గానీ విద్యార్థులకి జబ్బులు రావడం ఆగలేదు కదా. ఆ ఒక్క వాక్యాన్ని, తగిన షరతులతో, శాశ్వతం చేసి ఉండాల్సింది.

కోర్టులు మాత్రం ఈ వైపు అడుగులు వేస్తున్నాయి. హాజరు తక్కువైందని పరీక్షలకు అనుమతించకపోవడంతో 2016లో ఢిల్లీలో ఒక లా విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. ఆ ఘటనపై నడిచిన కేసులో 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, హాజరు చాలదన్న కారణంతో లా విద్యార్థులను పరీక్ష రాయకుండా ఆపొద్దని తీర్పు ఇచ్చింది. మనకి ఇంకా దగ్గరి కేసు విశాఖపట్నానిది. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, ముఖ్యంగా పరీక్షల సమయంలో విద్యార్థులను దగ్గరుండి చూసుకోవాలని అందులో ఉంది. మంచి ఆదేశం. కానీ ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. డిప్రెషన్‌తో నెల రోజులుగా నిద్రపట్టని అమ్మాయి పరీక్షలకి ముందు ధైర్యం చేసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది. కౌన్సెలర్ ఓపిగ్గా విన్నారు, డాక్టర్ దగ్గరికి పంపారు. ఆ తర్వాత ‘ఈ విడత పరీక్షలు రాయకపోయినా నీకు నష్టం లేదు’ అని చెప్పగలరా? చెప్పడానికి నిబంధనే లేదు. టెన్షన్‌కి అసలు కారణం అలాగే ఉంచి టెన్షన్ తగ్గించుకోమని చెప్పడమవుతుంది.

గర్భిణుల పరిస్థితి గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. మన దగ్గర డిగ్రీ రెండో ఏడాదిలోనో పీజీలోనో పెళ్లైన అమ్మాయిలకి డెలివరీ తేదీ, సెమిస్టర్ తేదీ ఒకేసారి రావడం కొత్తేమీ కాదు. బాలింతగా వచ్చి పరీక్ష రాసి వెళ్లిన అమ్మాయిల ఫొటోలు పేపర్లో వస్తే పట్టుదల అని పొగుడుతారు. పది రోజుల పసిబిడ్డను హాలు బయట అమ్మమ్మ చేతిలో పెట్టి మూడు గంటలు బెంచీ మీద కూర్చోవాల్సిన అవసరం ఆమెకి ఎందుకు వచ్చిందని అడగరు. అండర్‌గ్రాడ్యుయేట్, పీజీ విద్యార్థినులకి ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో యూనివర్సిటీలకి రాసింది. 2023లో కేరళ ప్రభుత్వం ఇంకాస్త ముందుకు వెళ్లి ప్రసూతి సెలవుతో పాటు, నెలసరిని లెక్కలోకి తీసుకుని అమ్మాయిలకి కావాల్సిన హాజరును 73 శాతానికి తగ్గించింది. ఇంకో రాష్ట్రంలో వీలైనది ఇక్కడ వీలుకాకపోవడానికి కారణం కనపడదు.

దొంగ సర్టిఫికెట్ల మాట

ఈ మాట ఎత్తగానే వచ్చే అభ్యంతరం ఒకటే. ‘అందరూ మెడికల్ సర్టిఫికెట్ తెచ్చేస్తారు’ అని. కండొనేషన్ కోసం సర్టిఫికెట్లు ఎలా పుడతాయో కాలేజీల్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం. చదవనివాడు ఒక కాగితం తెచ్చుకుని రెగ్యులర్ హోదాతోనే ఆరు నెలలు ఎక్కువ చదువుకునే అవకాశం ఉంది.

కానీ సర్టిఫికెట్టును తనిఖీ చేయడం ఇప్పుడు కష్టం కాదు. డాక్టర్లు ఇచ్చిన ప్రతి మెడికల్ సర్టిఫికెట్ వివరాలూ రిజిస్టర్‌లో రాసి ఉంచాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల్లోనే ఉంది. తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం డాక్టర్ మీద చర్య తీసుకోదగ్గ తప్పు. ఆసుపత్రిలో చేరినవాళ్లకి అడ్మిషన్ నంబరు, డిశ్చార్జ్ సమ్మరీ ఉంటాయి. ఆరోగ్యశ్రీ కింద చేరితే ప్రభుత్వం దగ్గరే వివరాలు ఉంటాయి. యూనివర్సిటీ ప్రతి సెమిస్టర్‌లో కొన్ని సర్టిఫికెట్లను ఆసుపత్రికి పంపి సరిచూస్తే, దొరికినవాళ్ల మీద మాల్‌ప్రాక్టీస్ కిందే చర్య తీసుకుంటే, ఆ వ్యాపారం చాలావరకు తగ్గుతుంది. కోర్సు మొత్తంలో రెండు మూడు సార్లకంటే ఎక్కువ అడిగినవాళ్లని విడిగా పరిశీలించవచ్చు.

చావు విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. మరణాన్ని నమోదు చేయించడానికి చట్టం 21 రోజులు ఇస్తుంది. పంచాయతీ నుంచి కాగితం చేతికి రావడానికి ఇంకొన్నాళ్లు పట్టవచ్చు. మూడు రోజుల్లో మరణ ధ్రువపత్రం తెమ్మంటే తండ్రి పోయిన పిల్లవాడు కర్మ మధ్యలో సెక్రటరీ ఆఫీసు చుట్టూ తిరగాలి. ముందు ఒక ఉత్తరం తీసుకుని, కాగితం నెలా రెండు నెలల్లో ఇవ్వమంటే సరిపోతుంది. బంధుత్వం దగ్గర కూడా పట్టువిడుపు ఉండాలి. పెంచింది అమ్మమ్మ అయితే ఆ పిల్లకి పోయింది అమ్మే.

ఇన్ని చేసినా కొందరు మోసగాళ్లు దాటిపోతారు. వాళ్లకి దక్కేది ఆరు నెలల గడువు మాత్రమే, పేపరు అందరిదే, మార్కులు రాసినన్నే. వాళ్లని ఆపడం కోసం నిజంగా ఆసుపత్రిలో ఉన్నవాళ్లందరికీ జీవితాంతం ఉండే గుర్తు వేయడం న్యాయమైన బేరం కాదు.

నిబంధన మారేదాకా, పరీక్ష తప్పిపోయిన విద్యార్థి నోటిమాటతో ఊరుకోకుండా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వీలైతే పరీక్ష రోజునే, లేదా కోలుకున్న రెండు మూడు రోజుల్లోపు, ప్రిన్సిపాల్‌కీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కీ ఇద్దరికీ ఉత్తరం రాయాలి. రాయడానికి ఓపిక లేకపోతే ఇంట్లోవాళ్లు రాసినా, మెయిల్ పెట్టినా పర్లేదు. హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు, తేదీ, కారణం, ఆసుపత్రి కాగితాల కాపీలు అందులో ఉండాలి. సప్లిమెంటరీలో రాసినదాన్ని మొదటి ప్రయత్నంగా పరిగణించమని స్పష్టంగా అడగాలి. కాలేజీలో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తన ఉత్తరం మీద ఏ నిర్ణయం తీసుకున్నారో, ఏ నిబంధన ప్రకారం తీసుకున్నారో అడగవచ్చు. 30 రోజుల్లో యూనివర్సిటీ జవాబు చెప్పాలి. ‘అలాంటి నిబంధన లేదు’ అని లిఖితపూర్వకంగా వచ్చినా ఆ కాగితాన్ని పారేయకూడదు. అకడమిక్ కౌన్సిల్ ముందు ఈ విషయం పెట్టమని అడగడానికైనా, రేపు ఎవరో ఒకరు కోర్టుకి వెళ్లడానికైనా అలాంటి కాగితాలే ఆధారం.